మాట పోయిన ఆయన, ఓపిక పోయిన నేను: పక్షవాతం తరువాత ఇంట్లో పెరుగుతున్న దూరం

తులసికోట (రాజమహేంద్రవరం)

ఈ చర్చావేదికలో, మారుపేరుతోనైనా, రాయడానికి చాలా రోజులు వెనుకాడాను. బంధువులతో చెప్పుకుంటే రెండో రోజుకల్లా అది మా ఆడపడుచు చెవిన పడుతుంది కనుక, ముఖం తెలియని మీ ముందు చెప్పుకోవడమే నయమనిపించింది.

మావారికి పక్షవాతం వచ్చి 14 నెలలయింది. ఉన్నత పాఠశాలలో లెక్కల మాష్టారుగా పనిచేస్తూ, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, ఒక ఉదయం పళ్లు తోముకుంటూ కుప్పకూలిపోయారు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. కాలు కొంత తిరిగి వచ్చి కర్ర సాయంతో వరండా దాకా నడుస్తున్నారు గాని, చెయ్యి రాలేదు, మాట పది పన్నెండు పదాల దగ్గరే ఆగిపోయింది.

ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, మాత్రలు వేళకు వేయడం నాకు అలవాటైపోయాయి. అలవాటు కానిది ఆయన కోపం. పాత విద్యార్థులెవరైనా చూడడానికి వస్తే నవ్వుతారు, ఎడమ చెయ్యి ఎత్తి దీవిస్తారు. వాళ్లు గేటు దాటగానే నేనిచ్చిన మంచినీళ్ల గ్లాసును తోసేస్తారు. నర్సింగ్ సర్వీసు వాళ్లతో మాట్లాడి పెట్టుకున్న అటెండరును మూడో రోజే వెళ్లగొట్టారు. స్నానం నేనే చేయించాలి, అన్నం నేనే కలపాలి. మొన్న మా ఆడపడుచు ఎదుట, పెళ్లయిన 34 ఏళ్లలో ఏనాడూ ఆయన నోట వినని ఒక బూతు మాట నన్ను స్పష్టంగా అన్నారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా తొలిచేస్తున్న సంగతి ఒకటుంది. ప్రతి ఉదయం ‘శుక్లాంబరధరం’ మొదలుకొని విష్ణు సహస్రనామంలో పది శ్లోకాలు దాదాపు తడబడకుండా చదువుతారు. నన్ను మాత్రం పేరు పెట్టి పిలవరు. పిలవబోతే తన అక్క పేరు వస్తుంది. దేవుడి నామాలు అన్ని గుర్తున్న మనిషికి నా ఒక్క పేరు గుర్తు లేదంటే నేను నమ్మాలా?

పోయిన వారం ఓపిక నశించి, “మీకు నేనొక్కదాన్నే దొరికానా” అని గట్టిగా అరిచాను. ఆయన గోడవైపు తిరిగి ఏడ్చారు. మరో రెండు నెలల్లో మా అన్నయ్య కూతురి పెళ్లి ఉంది, వెళ్లగలనన్న ఆశ లేదు. ఆయన కావాలనే చేస్తున్నారా, జబ్బే చేయిస్తోందా అన్నది తేలితే నా మనసు కొంత కుదుటపడుతుంది. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చినవారు దయచేసి చెప్పండి.

ఎడమచేతి రాత (హనుమకొండ)

తులసికోట గారూ, నేను అవతలి పక్షం మనిషిని. నాలుగేళ్ల కిందట నాకూ కుడివైపే పడిపోయింది. ఒక బ్యాంకులో 28 ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు ఎడమచేతి చూపుడు వేలితో ఈ జవాబు రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది, కనుక పొడవు చూసి నాకు అంతా బాగైపోయిందని అనుకోకండి.

చెప్పదలచుకున్నది లోపల నిండుగానే ఉంటుంది, దాని మీద అంటించిన పేరు చీటీ ఊడిపోయి ఉంటుంది. ‘నీళ్లు’ అనబోతే నాకు ‘చెప్పులు’ అని వచ్చేది. మా ఆవిడ పాపం చెప్పులు తెచ్చి ముందు పెట్టేది, నేను వాటిని విసిరికొట్టేవాణ్ణి. ఆమెకు కనిపించింది చెప్పులు విసిరిన మొగుడే గాని, దాహంతో ఉన్న మనిషి కాదు.

పాత విద్యార్థుల ముందు నవ్వడం గురించి రాశారు. ఆ అరగంట నవ్వడానికి, తల ఊపడానికి, వాళ్లలో ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే ఏదో ఒక మాట పట్టుకోవడానికి అయ్యే శ్రమ, నెలాఖరున కౌంటరులో పొద్దంతా కూర్చున్న శ్రమతో సమానం. వాళ్లు వెళ్లాక మిగిలేది ఒట్టి అలసట. ఆ అలసటలో ఎదుట పడేది ఇల్లాలే. ఎంత కసిరినా ఎక్కడికీ పోదన్న ధీమా కూడా ఆమె మీదే ఉంటుంది.

అయితే అన్నీ జబ్బు ఖాతాలో జమ వేయడం కూడా అన్యాయమేనని ఒప్పుకుంటాను. మాట కొంత తిరిగి వచ్చాక, అరిస్తే పని త్వరగా జరుగుతుందని తెలిసి అరిచిన రోజులు నాకున్నాయి. ఒకనాడు మా ఆవిడ కంచం బల్ల మీద పెట్టి, “ఇది జబ్బు కాదు, ఇది మీరు” అని పక్క గదిలోకి వెళ్లిపోయింది. ఆమె అన్నది నిజం. ఆ రోజు నాకు కోపం కంటే ముందు ఒక విధమైన ఊరట కలిగిందంటే మీరు నమ్మరేమో. చాలా నెలల తరువాత నన్ను రోగిగా కాక, తప్పు చేయగల మనిషిగా చూసింది ఆమె ఒక్కతే.

నా వైపు ఫిర్యాదులు కూడా రెండు చెబుతాను. నేను గదిలో ఉండగానే, నాకు విరేచనం అయిందో లేదో గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడకు చెప్పేవారు. ఇక, అన్నేళ్లు ఊరందరి డబ్బూ లెక్కపెట్టిన నాకు నా సొంత ఏటీఎం కార్డు ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్లే లేకపోయారు. కాలు చెయ్యి పడిపోయినప్పటి దుఃఖం కొన్ని నెలలకు సర్దుకుంది. ఈ రెండూ సర్దుకోలేదు.

పెద్దకోడలు (తెనాలి)

మీకు ఆడపడుచు ఒక్కరే, నాకు ముగ్గురు. మా మామగారికి ఎడమవైపు వచ్చింది. మాట చక్కగా ఉంది, జ్ఞాపకం నాకంటే బాగుంది. ఆయన వచ్చినవారందరికీ చెప్పే మాట ఒక్కటే: “కోడలు నాకు కూర వేయడం లేదు, ఒట్టి పచ్చడి మెతుకులు పెడుతోంది.”

నేను రోజూ కూర వేస్తూనే ఉన్నాను. ఆయన పళ్లెంలో కుడి సగం మాత్రమే తిని లేచేవారు. ఎడమ సగంలో వేసిన కూర వేసినట్లే ఉండేది. నా మీద కోపంతోనే వదిలేస్తున్నారని నేను, తిండి పెట్టక మాడుస్తున్నానని ఆడపడుచులు, ఆరు నెలలు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరకు ఒక డాక్టరుగారు కాగితం మీద గీత గీసి, దాన్ని మధ్యకు విభజించమన్నారు. మామగారు చాలా కుడివైపున గుర్తు పెట్టారు. శరీరం ఎడమవైపును నడిపేది మెదడు కుడి సగమట, అది దెబ్బతిన్న కొందరికి కళ్లు బాగానే ఉన్నా, ఎడమవైపు లోకం అనేది ఒకటుందన్న స్పృహే పోతుందట. గడ్డం కూడా ఆయన కుడివైపే గీసుకునేవారన్నది మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు సగం భోజనం అయ్యాక పళ్లెం తిప్పి పెడతాను. “ఇప్పుడు వేశావా కూర?” అంటారు. “ఇప్పుడే వేశాను మామయ్యగారూ” అంటాను. అబద్ధమే గాని, గొడవ లేదు. ఆడపడుచుల్లో ఇద్దరు నమ్మారు. మూడో ఆవిడ ఇప్పటికీ పండగకు వచ్చినప్పుడు గిన్నెల మూతలు తీసి చూస్తుంది.

శ్రేయోభిలాషి

భర్త సేవ చేసుకునే భాగ్యం అందరికీ దక్కదు తల్లీ. పూర్వజన్మ ఋణం తీరుతోందని అనుకుంటే కోపమే రాదు. పావురం రక్తంతో మర్దన చేయిస్తే పడిపోయిన చెయ్యి తిరిగి వస్తుందని మా ఊళ్లో పెద్దలు చెబుతారు. చిత్తూరు వైపు నాటు మందు కూడా ప్రయత్నించండి.

పెద్దకోడలు (తెనాలి)

అయ్యా, పావురం ఏ జన్మలో ఎవరికి ఋణపడిందో కూడా చెబితే బాగుండేది. మా ఇంట్లో ఆ మర్దన కూడా అయింది. పావురం పోయింది, ఫిజియోథెరపీకి పనికి వచ్చే మూడు వారాలు పోయాయి, దుప్పట్లు ఉతికింది నేను.

చేతికర్ర (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం)

తులసికోట గారి అనుమానానికి ముందుగా జవాబు చెబుతాను. కుడిచేతి వాటం గలవారిలో అత్యధికులకు భాషను నడిపే భాగాలు మెదడు ఎడమ సగంలో, అంటే కుడి కాలిని, కుడి చేతిని నడిపే సగంలోనే ఉంటాయి. ఆలోచించి, పదం వెతికి, కొత్త వాక్యం కూర్చడం వాటి పని. చిన్ననాటి నుంచి వల్లె వేసినవి, అంటే శ్లోకాలు, పాటలు, వారాల పేర్లు, అంకెలు, చివరకు తిట్లు కూడా, ఆ శ్రమ లేకుండానే నోటికి వస్తాయి కనుక దెబ్బ తగిలిన తరువాత కూడా చాలామందిలో మిగిలి ఉంటాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు వర్ణించిన రోగి ‘టాన్’ అన్న ఒక్క శబ్దం తప్ప మరేమీ పలకలేకపోయేవాడు. కోపం మితిమీరినప్పుడు మాత్రం ఒక తిట్టు అతని నోట వచ్చేది. మీ ఆడపడుచు ఎదుట జరిగింది అదే కావచ్చు. అక్క పేరు రావడం కూడా ఇలాంటిదే. ఇంటి ఆడవాళ్ల పేర్లన్నీ ఒకే అరలో ఉంటే, చెయ్యి పక్క పేరు మీద పడింది.

లెక్కల మాష్టారు కనుక ఒకటి ప్రయత్నించి చూడండి. ‘ఏడు ఎనిమిదులు ఎంత’ అని అడిగితే ఆయన చెప్పలేకపోవచ్చు. ‘ఏడు ఒకట్ల ఏడు’ అని మీరు ఎత్తుకుంటే వెంట రావచ్చు.

రెండో సంగతి, స్నానం దగ్గరి గొడవ. పడిపోయిన చేతి బరువుకు భుజం కీలు కిందికి జారి ఉంటుంది. ఆ చెయ్యి పట్టుకుని లేపినా, చొక్కా తొడిగేటప్పుడు లాగినా ప్రాణం పోయినంత నొప్పి. మాట లేని మనిషి ఆ నొప్పిని కోపంగానే చెప్పగలడు. అటెండరు ఆయనను ఎలా లేపేవాడో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. చంక కింద చెయ్యి వేసి ఎత్తడం ఎప్పుడూ కూడదు.

మూడోది ఏడుపు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి దిగులు జబ్బు కూడా తోడవుతుంది. అది మనోబలం లేక వచ్చేది కాదు, మందులకు తగ్గుతుంది. ఇది కాక, లోపల అంత దుఃఖం లేకున్నా ఏడుపో నవ్వో పొంగుకొచ్చి ఆగని స్థితి వేరే ఉంది. రెండూ మీ న్యూరాలజిస్టుకు విడివిడిగా చెప్పండి. మీరు చెప్పకపోతే చాలామంది డాక్టర్లు బీపీ చూసి, మందుల చీటీ తిరగరాసి పంపిస్తారు.

చివరిగా, ఎవరూ అడగకపోయినా చెప్పాలనిపించిన మాట. ‘నువ్వు సరిగా వ్యాయామం చేయించలేదు, అందుకే చెయ్యి రాలేదు’ అనే నింద నేను వెళ్లే ప్రతి రెండో ఇంట్లోనూ వింటాను. మన దేశంలోనే 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులతో ఒక పెద్ద పరీక్ష చేసి, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయించినవారికీ, మామూలు వైద్యం మాత్రమే అందినవారికీ, ఆరు నెలల తరువాత మరణాలలోనూ ఇతరులపై ఆధారపడడంలోనూ తేడా కనిపించలేదు. వ్యాయామం దండగని దీని అర్థం కాదు, అలా అంటే నా పొట్ట కొట్టుకున్నట్లే. చెయ్యి రావడం, రాకపోవడం అనే లెక్కను మాత్రం ఇల్లాలి మీద వేయకండి.

ఖాళీ పెరడు (నిజామాబాద్)

ఇక్కడ అందరూ భార్యలు, కోడళ్ల గురించి రాస్తున్నారు. నేను భర్తను. నా భార్యకు 44వ ఏట వచ్చింది, మూడేళ్లయింది. ఆమెకు జడ వేయడం నేర్చుకున్నాను, చీర కష్టమై నైటీలకు మారాము, నెలసరి రోజులు కూడా నేనే చూశాను. చుట్టుపక్కలవాళ్లు నన్ను దేవుడన్నారు. మా వీధిలో ఒకామె పదేళ్లుగా మంచాన ఉన్న భర్తకు ఇదంతా చేస్తోంది. ఆమెను ఎవరూ దేవత అనలేదు. ఆ పొగడ్త నా భార్యకు ఎంత భారంగా ఉండేదో నాకు ఆలస్యంగా అర్థమైంది. నన్ను దేవుడన్న ప్రతిసారీ ఆమెను బరువు అన్నట్లే కదా.

మా మధ్య అసలు దూరం పెరిగింది వేరే కారణంతో. మా పెద్దమ్మ ఒకరోజు పక్క గదిలో కూర్చుని, “ఎంత కాలమని ఇట్లుంటవు, ఇంకో పెళ్లి చేసుకో, దీన్ని కూడా చూసుకునే పిల్లను చూస్తం” అన్నది. నేను కుదరదనే చెప్పాను, కాని గట్టిగా చెప్పలేదు. మాట రాదు కనుక వినబడదు అనుకున్నామో ఏమో, తలుపు వేయలేదు. ఆ రోజు నుంచి ఐదారు నెలలు నేను ఫోనులో మాట్లాడితే ఆమె అన్నం ముట్టేది కాదు. విషయం ఇదని నాకు తెలియడానికి అంత కాలం పట్టింది, ఎందుకంటే చెప్పడానికి ఆమెకు మాట లేదు, అడగడానికి నాకు ధైర్యం లేదు.

దాంపత్యం సంగతి ఇక్కడ రాయవచ్చో లేదో తెలియదు. మళ్లీ పక్షవాతం వస్తుందేమోనన్న భయంతో నేను వేరే గదిలో పడుకున్నాను. ఆమె దాన్ని అసహ్యంగా అర్థం చేసుకుంది. చివరకు సిగ్గు విడిచి డాక్టరును అడిగితే, బీపీ అదుపులో ఉన్నంత వరకు మా విషయంలో భయపడనక్కర లేదన్నారు. రెండు నిమిషాల మాట కోసం ఏడాది పోగొట్టుకున్నాము.

రాత్రి పూట నాకే తట్టుకోలేని స్థితి వచ్చినప్పుడు 14416కు ఫోన్ చేశాను. 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది, తెలుగులోనే మాట్లాడారు. వాళ్లు పరిష్కారమేమీ చెప్పలేదు, అవతల ఒకరు విన్నారు. ఆ రాత్రికి అదే చాలింది.

తెల్లారితే ఫోన్ (న్యూజెర్సీ)

నేను దూరాన ఉన్న కొడుకును. నాన్నకు వచ్చినప్పటి నుంచి రోజూ వీడియో కాల్ చేసి అమ్మకు సలహాలు ఇచ్చేవాణ్ణి: పథ్యం ఇలా పెట్టు, బంతి నొక్కించు, యూట్యూబులో ఈ వ్యాయామం చూడు. ఒకరోజు అమ్మ, “నువ్వు డబ్బు పంపిస్తున్నావు నాయనా, దాంతో పాటు పని కూడా పంపిస్తున్నావు” అంది. మనసుకు గుచ్చుకుని మూడు వారాల సెలవు పెట్టి వచ్చాను. మొదటి వారం నేనే అన్నీ చేస్తానన్నాను. నాలుగో రాత్రి మూడోసారి లేచినప్పుడు నాన్నను కసిరాను. పక్క గదిలో అమ్మ మేలుకునే ఉంది, ఏమీ అనలేదు.

ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు అమ్మ సంగతి అడుగుతాను, తరువాతే నాన్న సంగతి. మొదట్లో నాన్న అలిగారు. అది కూడా మంచి లక్షణమే అనుకుంటున్నాను.

రెండో తమ్ముడు (ప్రకాశం జిల్లా)

మా ఇంట్లో గొడవ అంతా డబ్బు చుట్టూనే. అమ్మ మంచాన పడి పెద్దన్నయ్య దగ్గర ఉంది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది మొదలైనప్పటి నుంచి మా అన్నదమ్ములలో ఒకడు, “ఇంకా మేమెందుకు పంపాలి” అన్నాడు. డైపర్లకు, మందులకు, ఫిజియోకు అయ్యే లెక్క రాసి వాట్సాప్‌లో పెడితే తప్ప నోరు మూతపడలేదు. మా వదిన రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తుందో ఆ లెక్కలో రాయలేదు, రాసి ఉండవలసింది.

ఒక్క మార్పు మాత్రం చెప్పుకోదగ్గది. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికి వచ్చి ఇచ్చే ఆ డబ్బును అమ్మ తన చేత్తోనే తీసుకుంటుంది. అందులోంచి 500 తీసి వదిన చేతిలో పెట్టి, “నీకు” అంటుంది. మిగతాది ఇంటి ఖర్చుకు ఇస్తుంది. ఏడాదిన్నరగా వదిన పెడితే తినడం తప్ప ఆమెకు ఏమీ ఇవ్వలేకపోయిన మా అమ్మ ముఖం, ఆ ఒక్క పూట వేరుగా ఉంటుంది. వదిన ఆ నోట్లు ఖర్చు పెట్టదు, బియ్యం డబ్బాలో దాస్తుంది.

తులసికోట (రాజమహేంద్రవరం), ఐదు వారాల తరువాత

అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోయినందుకు మన్నించండి. ఎడమచేతి రాత గారి మాటలు మావారికి నెమ్మదిగా చదివి వినిపించాను. ‘చెప్పులు’ దగ్గర ఆయన చాలాసేపు నవ్వారు, ఆ నవ్వు ఏడుపులోకి దిగింది, మళ్లీ నవ్వారు. డాక్టరుగారికి రెండూ విడిగానే చెప్పాను. దిగులుకు మాత్ర రాశారు, ఇంకా దాని ఫలితం తెలియదు.

అటెండరు సంగతి చేతికర్ర గారు ఊహించినట్లే ఉంది. ఆ అబ్బాయి ఈయనను పడిపోయిన చెయ్యి పట్టుకునే మంచం మీంచి లేపేవాడు. నేను చూస్తూనే ఉన్నాను, నాకు తట్టలేదు. ఈసారి కుదిరిన మనిషికి చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో ముందే చూపించాను. ఉదయం మూడు గంటలు వస్తున్నాడు. వారం రోజులు మావారు ముఖం మాడ్చుకున్నారు గాని, వెళ్లగొట్టలేదు.

ఏడో ఎక్కం ఎత్తుకున్నాను. 70 దాకా వచ్చారు. వచ్చాక, నేను తప్పు చదివానేమోనని నా వంక అనుమానంగా చూశారు, అచ్చం బడిలో చూసినట్లే.

ఎడమచేతి రాత గారి ఏటీఎం కార్డు సంగతి, రెండో తమ్ముడు గారి అమ్మగారి సంగతి చదివాక, ఆయన చేత నాకు ఏదైనా పని చేయించుకోవాలనిపించింది. పాల ఖాతా, గ్యాసు బండ తేదీ, కూరగాయల లెక్క పలక మీద ఎడమ చేత్తో వేయమన్నాను. అంకెలు వంకరగా ఉన్నా మొత్తం తప్పడం లేదు. పాలవాడు రెండు పూటలు ఎక్కువ వేసిన సంగతి పట్టుకున్నారు. నేను నెలల తరబడి గమనించలేదు. కోపం పోయిందని రాయను. మొన్న కూడా గ్లాసు విసిరారు. “ఇది మీరు” అన్నాను, ఆ మాట అరువు తెచ్చుకున్నదే అయినా పనిచేసింది. ఆయన తల దించుకున్నారు. నా పేరు ఇంకా రాలేదు. అక్క పేరుతోనే పిలుస్తున్నారు, నేను పలుకుతున్నాను.

ఇక పెళ్లి. వచ్చే గురువారం మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి రెండు రోజులు నాన్న దగ్గర ఉంటానంది. నిన్న రాత్రి ఆయన పక్కన కూర్చుని, పెళ్లికి వెళ్లిరావాలని ఉందని చెప్పాను. పలక తీసుకుని పది నిమిషాలు కుస్తీ పట్టి ఒకే మాట రాశారు: “వెళ్లు.” ఆ తరువాత గోడవైపు తిరిగి పడుకున్నారు. అది అనుమతో, కోపమో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఎడమచేతి రాత (హనుమకొండ)

నేనైతే అనుమతిగానే చదువుతాను. ళ కింద ల వత్తు ఎడమ చేత్తో వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కోపం వచ్చినవాడు అంత శ్రమపడి రాయడు, పలకనే విసిరేస్తాడు. పెళ్లి నుంచి లడ్డూ తీసుకువెళ్లండి, షుగరు లేకపోతే.